సత్రంలో బస చేసి వచ్చిన పెన్‌డ్రైవ్

ఈ మాసం మన 'ఇంటి కంప్యూటరు' శీర్షికను మా ఇంట్లోనే జరిగిన ఒక ఉదంతంతో ఆరంభిస్తున్నాము. తప్పు మాదే కనుక చెప్పుకోవడానికి సంకోచం లేదు.

మా అబ్బాయి ఢిల్లీలోని జియా సరాయ్‌లో గది తీసుకుని గేట్ పరీక్షకు చదువుకుంటున్నాడు. ఐ.ఐ.టి. ప్రక్కనున్న ఆ ఇరుకు సందుల పేట మన ఉద్యోగులలో చాలామందికి పరిచితమే. గేట్ మార్కులను బట్టి ఇంజనీర్లను తీసుకునే ప్రభుత్వరంగ సంస్థలు అనేకం ఉన్నవి కనుక, మన పిల్లలు అక్కడి శిక్షణ కేంద్రాలకు, పుస్తకాల దుకాణాలకు చేరుతూనే ఉంటారు. సరాయ్ అంటే బాటసారుల సత్రం. పేరుకు తగినట్లే దేశం నలుమూలల విద్యార్థులూ అక్కడ బస చేస్తారు. వారి పెన్‌డ్రైవులు జిరాక్సు దుకాణాల కంప్యూటర్లలో బస చేస్తాయి. ఒకే యంత్రానికి రోజంతా ఎందరివో తగిలించినప్పుడు, ఒకదానికున్న తెగులు మిగిలినవాటికి సోకడం ఎంతసేపు?

దసరా సెలవులకు వచ్చిన మావాడు తన పెన్‌డ్రైవ్‌ను ఇంటి కంప్యూటరుకు తగిలించి, నోట్సు ఉన్న ఫోల్డరును తెరిచాడు. మరునాటికి యంత్రం నత్తనడక పట్టింది. ఫొటోలైనా దక్కించుకుందామనే కంగారులో, వాటిని దాచుకున్న బయటి హార్డ్ డిస్కును మేము అదే కంప్యూటరుకు తగిలించాము. కొద్ది క్షణాలలో అందులోని ఫోల్డర్లన్నీ మాయమై, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు మాత్రం మిగిలాయి. మా నాన్నగారు కాలం చేయకముందు తీసిన చివరి ఫొటోలు ఆ డిస్కులో తప్ప మరెక్కడా లేవు.

"ఫార్మాట్ చేసేద్దాం నాన్నా" అన్నాడు మావాడు. "మామయ్యగారి ఫొటోలు ఉన్నాయా, లేవా? ముందు అది చెప్పండి" అన్నది మా శ్రీమతి. ఆ ప్రశ్నే మమ్మల్ని కాపాడింది. డిస్కులో నిండిన స్థలం ఎంతో చూశాము. రవ్వంతైనా తగ్గలేదు. అంటే ఫొటోలు పోలేదు, దాగి ఉన్నాయి.

ఈ తెగులు పనిచేసే తీరు ఇది. అసలు ఫోల్డర్లను కంటికి కనబడకుండా చేసి, వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్‌లను ఉంచుతుంది. మనం నొక్కగానే తన ప్రోగ్రామును నడిపి, ఆ వెంటనే అసలు ఫోల్డరును కూడా తెరుస్తుంది కనుక మనకు అనుమానం రాదు. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ తగిలించగానే ప్రోగ్రాము తనంతట తాను నడిచేది. ఆ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 7లోను, 2011లో ఇచ్చిన సవరణ ద్వారా అంతకు ముందరి విండోస్‌లలోను నిలిపివేసింది. అందుచేత ఈ తెగులు ఇప్పుడు మన వేలినే ఆశ్రయిస్తున్నది.

ఇటువంటి స్థితిలో చేయవలసిన పనులు క్రమంగా ఇవి:

1. ఇంటర్‌నెట్ సంబంధం తొలగించండి. మరే డిస్కునూ, పెన్‌డ్రైవునూ తగిలించకండి. ఆ యంత్రంపై బ్యాంకు లావాదేవీలు వద్దు.

2. విండోస్ సెక్యూరిటీలో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' అనే పరీక్ష ఉన్నది. దానిని నడపండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. విండోస్ నడుస్తున్నంతసేపు దాగగల దొంగను, అది పూర్తిగా మేల్కొనక ముందే వెదకడం ఈ పరీక్ష విశేషం. భారత ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా శుభ్రపరిచే సాధనాలను ఉచితంగా అందిస్తున్నది.

3. యంత్రం శుభ్రపడిన తరువాతనే డిస్కును తగిలించి, దానినీ పరీక్షించండి. పిదప దాగిన ఫైళ్లను చూపమనే ఏర్పాటు చేసి, ఫొటోలను, పత్రాలను మాత్రమే వేరొక చోటికి నకలు చేసుకోండి. షార్ట్‌కట్‌లను ముట్టవద్దు.

4. పాస్‌వర్డులన్నింటినీ తెగులు లేని మరొక యంత్రం నుంచి మార్చండి.

5. తెగులు మళ్లీ మళ్లీ తలెత్తితే విండోస్‌ను మొదటి నుంచి స్థాపించుకోవడమే మేలు. ఫార్మాట్ చివరి మందు, మొదటి మందు కాదు.

మా ఫొటోలు దక్కాయి. అయితే అది మా నేర్పు కాదు, అదృష్టం. ఆ తెగులు ఫైళ్లను దాచేది కాక, తాళం వేసి డబ్బు అడిగే రకమైతే ఏమయ్యేది? 2017 మే 12న ప్రపంచమంతటా విజృంభించిన వన్నాక్రై అటువంటిదే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను మూసే సవరణను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలల బద్ధకానికి ఎందరో మూల్యం చెల్లించారు. విండోస్ 10 వాడుతున్నవారు గమనించవలసినది ఒకటున్నది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇప్పుడు మా ఇంట్లో నాలుగు నియమాలు అమలులో ఉన్నవి. విండోస్ సవరణలను వాయిదా వేయము. దొంగ నకలు సాఫ్ట్‌వేరును గడప దాటనివ్వము. ఫొటోలు రెండు డిస్కులలో ఉంటాయి. ఒకటి ఎల్లప్పుడూ తీగ తీసి బీరువాలోనే ఉంటుంది. ఇక జిరాక్సు దుకాణానికి వేరే పెన్‌డ్రైవ్ కేటాయించాము. అందులో ముద్రించవలసిన కాగితాలు తప్ప మరేమీ ఉండవు. అది ఇంటి కంప్యూటరుకు మళ్లీ తగిలేది పరీక్ష పూర్తయ్యాకనే.

ఉద్యోగులకు ఒక మనవి. ఇంటి పెన్‌డ్రైవ్‌ను కార్యాలయానికి తేవద్దు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, ఇంటర్‌నెట్‌తో సంబంధం లేని పారిశ్రామిక యంత్రాలకు సైతం పెన్‌డ్రైవుల ద్వారానే చేరగలిగింది. మా ఇంట పోగొట్టుకోబోయినవి ఫొటోలు. మన కర్మాగారంలో అయితే నష్టం ఒక కుటుంబంతో ఆగదు.

ఈ ఆదివారం ఒక గంట వెచ్చించి, మీ ఇంటి ఫొటోలకు రెండవ నకలు తీసి బీరువాలో పెట్టండి. మిగిలినవన్నీ ఆ తరువాత.