శిల్పం మోసమా?

కథాశిల్పం గురించి ఎవరైనా నోరు విప్పితే చాలు, సాహిత్య సభల్లో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. "జనం బతుకులు కాలిపోతుంటే మీకు శిల్పం కావలసి వచ్చిందా?" చప్పట్లు కూడా బాగానే పడతాయి. ప్రశ్న వెనక ఆవేదన నిజమైనదే కాబట్టి ఎదురు చెప్పడానికి చాలామంది జంకుతారు. ఆ జంకు వల్లే ఒక తప్పుడు వాదం సిద్ధాంతంగా చెలామణీ అవుతోంది.

వాదం సారాంశం మూడు మాటల్లో చెప్పొచ్చు. ఒకటి: వస్తువు గట్టిదైతే శిల్పంతో పనిలేదు, అది పైపూత. రెండు: ఉత్కంఠ, వ్యంగ్యం, దృష్టికోణం వంటివి పాఠకుడి బుద్ధిని జోకొట్టి తనవైపు తిప్పుకోవడానికి రచయిత పన్నే ఎత్తుగడలు. మూడు: సామాన్య పాఠకుడికి ఇవేవీ అర్థం కావు, అతనికి ఉన్నదున్నట్టు చెబితే చాలు. మూడూ తప్పే. మూడోది తప్పుతో ఆగలేదు, అవమానం దాకా వెళ్లింది.

మొదటి మాటకు జవాబు గురజాడ దగ్గరే ఉంది. ఆయన నాటకం కన్యాశుల్కం తొలి కూర్పు 1897లో అచ్చయింది. దానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆయన ఒక లెక్క చెప్పాడు. విజయనగరం మహారాజు చేయించిన జాబితా అది. విశాఖ జిల్లాలో తెలుగు మాట్లాడే ప్రాంతంలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని జరిగిన బ్రాహ్మణ వివాహాలు 1,034. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసికందులు కూడా ముగ్గురున్నారు.

వస్తువే చాలనుకుంటే ఇంతకంటే గట్టి వస్తువు ఎక్కడ దొరుకుతుంది? పూత లేదు, వ్యంగ్యం లేదు, ఉత్కంఠ లేదు, పచ్చి నిజం. అయినా తెలుగు దేశం గుర్తుపెట్టుకున్నది ఆ అంకెల్ని కాదు. గిరీశాన్ని, మధురవాణిని, లుబ్ధావధాన్లుని. లెక్క తెలిసినవాడు "అయ్యో" అని పేజీ తిప్పేస్తాడు. నాటకం చూసినవాడికి అగ్నిహోత్రావధాన్లు తన ఇంటి పెద్దల్లో ఒకడిలా కనిపిస్తాడు. అక్కడ మొదలవుతుంది ఇబ్బంది.

గురజాడ అంతటితో తృప్తిపడలేదు. 1909లో నాటకాన్ని దాదాపు మళ్లీ రాశాడు. వస్తువు మారలేదు, దురాచారం అదే. మారింది నిర్మాణం, పాత్రల తూకం, సంభాషణల పదును. తొలి కూర్పులో కొంచెంగా ఉన్న మధురవాణి మలి కూర్పులో నాటకానికి ప్రాణమైంది. ఈ రోజు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో కూర్పునే. వస్తువు చాలనే మాటే నిజమైతే పన్నెండేళ్ల తర్వాత ఆయన పడిన ఆ శ్రమంతా వృథా కావాలి. అలా అనగల సాహసం ఎవరికైనా ఉందా?

అసలు శిల్పం లేని రాత అంటూ ఒకటుంటుందనుకోవడమే భ్రమ. ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. కోట్ల ఆస్తినష్టంతో వార్త మొదలుపెట్టి, చనిపోయిన కూలీల సంగతి నాలుగో వాక్యంలో చెప్పొచ్చు. కూలీలతో మొదలుపెట్టి ఆస్తినష్టం చివర్లో చెప్పొచ్చు. రెంటిలోనూ అబద్ధం లేదు. కానీ రెండూ ఒకే వార్త కాదు. దేన్ని ముందు పెట్టాలో తేల్చుకున్న క్షణానే శిల్పం మొదలైపోయింది. "నేను ఉన్నదున్నట్టే రాస్తాను" అనేవాడు చేసిన ఎంపికల్ని తనే గమనించలేదన్నమాట.

ఇక మోసం అనే ఆరోపణ. కాళీపట్నం రామారావు "యజ్ఞం" చూద్దాం. సుందరపాలెంలో ఒక పంచాయితీ. షావుకారు గోపన్నకు అప్పల్రాముడు బాకీ. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మంచి చేసినవాడు, ధర్మం తెలిసినవాడని పేరు. కథలో ఎక్కువ భాగం ఆ వాదప్రతివాదాలే. కథకుడు ఎవరి పక్షమూ పట్టడు, ఎవర్నీ తిట్టడు. నాయుడి మాటలు ఎంత సబబుగా ఉంటాయంటే, చదువుతూ చదువుతూ మనమూ తలాడిస్తాం. తీసుకున్న అప్పు తీర్చాలి కదా అనుకుంటాం. అప్పుడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ ఆ అప్పుకి బానిస కాకూడదని, ఆ పసివాణ్ణి చంపేస్తాడు.

తలాడించిన మనం అప్పుడు ఎక్కడ నిలబడాలి? రచయిత మొదటి పేజీలోనే గోపన్నని రాక్షసుణ్ణి చేసి ఉంటే మనకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. దుర్మార్గుణ్ణి ద్వేషించి, మన మంచితనానికి మనమే మురిసిపోయి నిద్రపోయేవాళ్లం. బుద్ధిని జోకొట్టేది ఆ పద్ధతి. తీర్పు చెప్పకుండా చివరిదాకా బిగబట్టుకోవడమనే ఈ శిల్పం వల్ల, ఊరంతా న్యాయమనుకున్నదానిలో మన వంతు ఎంతో మనమే లెక్కేసుకోవలసి వస్తుంది. ఆ ముగింపు మీద ఎన్నో ఏళ్లు వాదోపవాదాలు నడిచాయి. నిద్రపోయిన పాఠకులు అన్నేళ్లు పోట్లాడుకోరు.

గిరీశం విషయమూ ఇంతే. వితంతు వివాహం గురించిన ఉపన్యాసాన్ని గురజాడ ఒక మోసగాడి నోట పెట్టాడు. మనకి నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగాక ఒక సందేహం పట్టుకుంటుంది: మంచి మాట చెప్పేవాళ్లందరినీ నమ్మొచ్చా? సంస్కరణని సమర్థిస్తూనే సంస్కర్తల్ని అనుమానించడం నేర్పాడు. ఏ సూటి ఉపన్యాసం ఈ రెండు పనులూ ఒకేసారి చేయగలదు?

అయితే శిల్పంతో మోసం చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వారపత్రికల సీరియళ్ల రోజుల్లో ప్రతి వారం చివర తలుపు చప్పుడయ్యేది, వచ్చే వారం చూస్తే పాలవాడు. యండమూరి నవల "తులసిదళం" మీద రంగనాయకమ్మ పుస్తకమే రాశారు. ఆమె కోపమంతా ప్రధానంగా చేతబడి లాంటి నమ్మకాలకి ఆ నవల ఇచ్చిన ఊతం మీద. కథ చెప్పే నేర్పుని ఆమె ఏనాడూ వదులుకోలేదు. "రామాయణ విషవృక్షం"లో వ్యాసాలతో సరిపెట్టుకోకుండా రామకథని సంభాషణలతో, వెటకారంతో కథలుగా తిరగరాయడమే దానికి సాక్ష్యం. కత్తి పట్టినవాడి మీద ఫిర్యాదు ఉంటే అతని పేరు పెట్టి చెప్పాలి. ఊళ్లో కత్తులన్నీ పారేయమనడం విమర్శ అనిపించుకోదు.

మోసాన్ని గుర్తుపట్టడానికి ఒక పరీక్ష ఉంది. రెండోసారి చదవండి. గుట్టు తెలిశాక ఉత్త ఉత్కంఠలో మిగిలేదేమీ ఉండదు. "యజ్ఞం" ముగింపు తెలిసి మళ్లీ చదివితే నాయుడి ప్రతి మాటా మరోలా వినిపిస్తుంది.

ఇక సామాన్యుడికి అర్థం కాదనే మాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనే సామెత ఊరికే పుట్టలేదు. షేక్ నాజర్ బుర్రకథకి పల్లెల్లో రాత్రంతా కూర్చున్నవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఎందరు? ఆ కళ నిర్మాణం చూడండి. నడుమ కథకుడు తంబురాతో. ఒకపక్క హాస్యం చెప్పే వంత, మరోపక్క రాజకీయం చెప్పే వంత. కథ రసపట్టులో ఉండగా ఆపుతారు. వినేవాడికి పుట్టిన సందేహాన్ని హాస్యగాడు అడుగుతాడు. పాత కథని ఈనాటి సర్కారుకి ముడిపెట్టి రెండోవాడు చురక వేస్తాడు. కథనాన్ని తెంచడం, కాలాల్ని కలపడం, వ్యాఖ్యాతని కథలోకి దించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పొగాకు బేరన్లో పనిచేసి వచ్చిన కూలీకి అవి అర్థమయ్యాయి. ప్రజానాట్యమండలి ఈ కళనే చేతబట్టి ఊరూరా తిరిగింది. శిల్పం తీరికగలవాళ్ల సొత్తని ఆ పల్లెల్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

అందుకే "వస్తువు గొప్పది, శిల్పం సంగతి చూసీచూడనట్టు పోండి" అనే ముందుమాటల్ని ఇక ఒప్పుకోకూడదు. అది ఆడలేక మద్దెల ఓడనడమే. పైగా అందులో నష్టపోయేది రచయిత కాదు. ఒక రైతు ఉరితాడునో, ఒక పిల్ల మీద జరిగిన ఘోరాన్నో ఎత్తుకుని, బద్ధకంగా రాసి, ఎవరి గుండెకీ తగలకుండా చేస్తే ఆ మనిషి గోడు రెండోసారి మట్టిలో కలిసినట్టే. అలాంటి రచనకి క్షమాపణ చెప్పుకోవలసి వస్తే, చెప్పుకోవలసింది విమర్శకుడికి కాదు, ఎవరి కథని అలా పాడుచేశారో వాళ్లకి.