పిన్ని దగ్గు, బాబాయి ఫైలు

"పొడిదగ్గే కదే, చలికాలం" అంది మా పిన్ని. మిరియాల పాలు, వాము కషాయం అన్నీ అయ్యాయి. మూడో వారానికి వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికే ఆయాసం. అప్పుడు కదిలారు ఇంట్లోవాళ్లు.

పిన్ని జన్మలో సిగరెట్ ముట్టలేదు. అయినా ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చింది. కీమో, ఛాతీకి రేడియేషన్ అయ్యాక రెండు వారాలకోసారి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. మన ఒంట్లోని రోగనిరోధక శక్తికి కట్టు విప్పి కేన్సర్ మీదికి తోలే మందు అది. కట్టు విప్పిన ఎద్దు మన చేలోనూ పడొచ్చు కదా! రేడియేషన్‌తో అప్పటికే కమిలిన ఊపిరితిత్తులు వాపెక్కుతాయి. దాన్నే న్యుమోనైటిస్ అంటారు. రేడియేషన్ వల్ల వచ్చేదైతే సాధారణంగా ఒకటి నుంచి ఆరు నెలల్లో బయటపడుతుంది.

అలాగని ఆ మందే వద్దనుకోకండి. 713 మందితో జరిగిన 'పసిఫిక్' పరీక్షలో దుర్వాలుమాబ్ తీసుకున్నవాళ్లలో అయిదేళ్లకి నూటికి 43 మంది బతికున్నారు. తీసుకోనివాళ్లలో 33 మందే. ఊపిరితిత్తుల వాపు మాత్రం మందు తీసుకున్నవాళ్లలో 34 మందికి, తీసుకోనివాళ్లలో 25 మందికి కనిపించింది. తీవ్రంగా వచ్చింది రెండువైపులా నూటికి అయిదుగురిలోపే. (రేడియేషన్‌తోబాటే ఈ మందూ ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఫలితాల్లో అదనపు మేలేమీ కనపడలేదు.) తొందరగా పట్టుకుంటే మందు ఆపి స్టిరాయిడ్లు ఇస్తారు, చాలామందికి తగ్గిపోతుంది.

తొందరగా పట్టుకునేదెవరు? నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కొత్తగా దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయమని ఆసుపత్రివాళ్లు ఇంగ్లీషులో కాగితం ఇచ్చారు. అది బాబాయి ఫైల్లో భద్రంగా ఉంది. పిన్నికి జబ్బు పేరే చెప్పలేదు, "నెమ్ము" అన్నారంతే! డాక్టరుగారూ బాబాయితోనే మాట్లాడారు. మెట్లెక్కుతుంటే ఊపిరాడనిది పిన్నికి, తెలియాల్సింది బాబాయికా?

"భయపడుతుందనమ్మా" అన్నారు బాబాయి. ఆయన ప్రేమని శంకించను. కానీ ఇంటెడు చాకిరీ, ఇద్దరు పిల్లల పురుళ్లు, అత్తగారి మంచం సేవ తట్టుకున్న మనిషి ఒక్క మాట తట్టుకోలేదా? మన ఆడవాళ్లదీ తప్పుంది లెండి. ఖర్చని, మనవడి పుట్టినరోజని పిన్ని రెండు వారాలు దగ్గుని కొంగులో దాచుకుంది.

స్టిరాయిడ్లతో ఆయాసం తగ్గింది. ఇమ్యునోథెరపీ మళ్లీ ఇచ్చేదీ లేనిదీ స్కాన్ చూశాక చెబుతామన్నారు. ఇప్పుడు పిన్నికి అంతా తెలుసు. రెండు రోజులు ఏడ్చింది. మూడోరోజు ఆ కాగితం నాచేత తెలుగులో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

"ఫోన్ నంబరు పెద్దంకెలతో రాయవే, కళ్లజోడు లేకపోయినా కనపడాలి" అంది.