గానుగ నూనె అడిగే పిల్లలకు

గోలేటి

బిడ్డలారా,

గానుగ నూనె తప్ప వేరేది ముట్టమని మీలో కొందరు ఈ మధ్య పట్టుబడుతున్నారు. పల్లి, నువ్వు, కుసుమల విషయంలో మీ మాట కాదనను. అదే నియమం పత్తి గింజకూ పెడతామంటే మాత్రం అడ్డుపడక తప్పదు. అందుకే ఈ ఉత్తరం.

మన రెబ్బెన, ఆసిఫాబాద్ నల్లరేగళ్లలో ఎటు చూసినా పత్తే. అందరం దూది ధర గురించే మాట్లాడుకుంటాం, గింజను మరిచిపోతాం. జిన్నింగ్ మిల్లులో క్వింటా పత్తి ఆడితే దూది దిగేది మూడో వంతే. మిగిలేది దాదాపు అంతా గింజే. గింజ బరువులో ఐదో వంతు దాకా నూనె ఉంటుంది. నూనె తీశాక మిగిలిన చెక్క బర్రెలకు దాణా అవుతుంది.

పత్తి మొక్క పురుగుల నుంచి తనను తాను కాపాడుకోవడానికి గాసిపాల్ అనే పసుపు పదార్థాన్ని దాచుకుంటుంది. నెమరేసే పశువు దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది, మనిషి తట్టుకోలేడు. చైనాలో శుద్ధి చేయని పత్తి గింజల నూనెతో వండుకున్న కొన్ని ఊళ్లలో మగవాళ్లకు పిల్లలు పుట్టడం ఆగిపోయింది. కారణం వెతికితే గాసిపాల్ అని తేలింది. గానుగలో ఆడితే అది నూనెలోనే ఉండిపోతుంది, మిల్లులో కాస్టిక్ సోడాతో శుద్ధి చేస్తే పోతుంది.

మన సింగరేణి కాలనీలో బొగ్గు పొయ్యిలున్న రోజుల్లో మీ నాయనమ్మలు పొయ్యిని వాకిట్లోనే రాజేసేవాళ్లు. పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కణకణలాడాకే ఇంట్లోకి తెచ్చేవాళ్లు. పత్తి నూనెకు రిఫైనింగ్ అలాంటిది. అది అయ్యాకే వంటింట్లోకి రావాలి.

అలా వచ్చిన నూనె మంచి పనిమంతురాలు. సుమారు 220 డిగ్రీల దాకా పొగ రాదు. తనకంటూ వాసన లేదు కాబట్టి సకినాల్లో నువ్వులు, వాము రుచి అలాగే నిలుస్తుంది. గుజరాత్‌లో ఫర్సాన్ అనే కారపు చిరుతిళ్లు వేయించేవాళ్లు ఏళ్లుగా దీన్నే నమ్ముకున్నారు. విటమిన్ ఇ కూడా ఉంది. చలికాలం ఉదయం డబ్బా అడుగున తెల్లగా పేరుకుంటే కల్తీ అనుకోకండి. ఇందులో సుమారు నాలుగో వంతు ఉండే సంతృప్త కొవ్వు మన జిల్లా చలికి గడ్డ కడుతుంది, కాస్త వెచ్చబడితే కరుగుతుంది.

అలాగని రోజూ దీన్నే వాడమనను. ఇందులో సగానికి పైగా ఒమేగా-6 కొవ్వే, ఒమేగా-3 లేనట్టే. పప్పు పోపుకు పల్లి నూనె, పచ్చళ్లకు నువ్వుల నూనె, పిండివంటలకు ఇది అని మార్చుకోండి. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. పాడైన నూనెతో వండకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి హోటళ్లకే హద్దు పెట్టింది. ఆ జాగ్రత్త ఇంటికీ అవసరమే.

ఒక్క పని చేసిపెట్టండి. వచ్చే సంక్రాంతికి అమ్మ మూకుడు పొయ్యి మీద పెట్టే ముందు ప్యాకెట్ వెనక అక్షరాలు చదివి వినిపించండి. రెండు నూనెలు కలిపినదైతే ఏది ఎంతో అక్కడే రాసి ఉంటుంది. పత్తి గింజల నూనె అని కనిపిస్తే, ఆ గింజ మన చేనుదే కావచ్చని కూడా చెప్పండి.

మీ తాత,
బొగ్గు బాయిలో పని చేసి దిగిపోయిన సింగరేణి కార్మికుడు