సంపాదకుని మాట: పరుగెందుకు, చందా చాలదా?

క్యాన్సర్ సాయానికి మారథాన్ ఎందుకు, ఆ డబ్బేదో నేరుగా ఇచ్చేయొచ్చుగా అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. కానీ క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్, 1980లో కెనడాలో 143 రోజులపాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. మరుసటి ఫిబ్రవరికల్లా 2.4 కోట్ల డాలర్లు పోగయ్యాయి. ఒక్కడి జేబులోంచి అంత వచ్చేదా? నెలల తరబడి ఒళ్లు వంచి సాధన చేసేవాణ్ణి చూస్తే, పిసినారి చెయ్యి కూడా జేబులోకి పోతుంది.

ఇక ఖతర్‌లో మన పరుగు సంగతికొస్తే, ముషైరిబ్ ప్రాంతంలో వేసవి సాధన ఎటూ తెల్లవారకముందే. అసలు చిక్కు వసూళ్లది. ఖతర్‌లో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం. చాదస్తమనిపించినా, దాత నమ్మకానికి అదే కాపలా. అందుకే ఖతర్ క్యాన్సర్ సొసైటీ లాంటి గుర్తింపున్న సంస్థను ముందే సంప్రదించండి. బూట్ల లేసులు తర్వాత బిగించుకోవచ్చు.