కాంతారావు చేతిలో కత్తొక్కటే కనిపించిందా?

మొన్నామధ్య మిర్యాలగూడలో చుట్టాల పెళ్ళి. భోజనాల దగ్గర పాత సినిమాల మాటొస్తే కాంతారావు పేరెత్తాను. సూర్యాపేట చిన్నాయన "కత్తి కాంతారావే గదరా!" అని నవ్వాడు. కోదాడ మామయ్య "పాపం, ఆఖరికి మస్తు తిప్పలు పడ్డడు" అని నిట్టూర్చాడు. అంతే, ఇద్దరూ మళ్ళీ పప్పులో ఉప్పు తక్కువైందన్న చర్చలో పడిపోయారు.

కాంతారావు పుట్టింది ఎక్కడో కాదండీ, కోదాడ పక్కనున్న గుడిబండలో, 1923లో. సొంతూరి వాళ్ళమైన మనకే ఆయన గురించి తెలిసినవి రెండు ముక్కలు: ఒకటి కత్తి, రెండోది జాలి. మరి నటన ఏదీ?

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. 1963 ఒక్క సంవత్సరమే తీసుకోండి. 'లవకుశ'లో లక్ష్మణుడు, 'నర్తనశాల'లో కృష్ణుడు, విఠలాచార్య 'గురువును మించిన శిష్యుడు'లో జానపద వీరుడు. ఒక్క మనిషే!

లక్ష్మణుడి చిక్కు చూడండి. అన్న ఆజ్ఞ, వదినను అడవిలో వదిలి రావాలి. ముఖంలో దుఃఖం ఎక్కువైతే సీతకు ముందే తెలిసిపోతుంది, అసలు లేకపోతే మనకు రాయిలా కనిపిస్తాడు. ఆ సందులో నడిచారాయన.

ఇక కృష్ణుడు. 'మాయాబజార్' (1957) తర్వాత మనకి కృష్ణుడంటే ఎన్టీఆరే. అదే ఎన్టీఆర్ అర్జునుడిగా ఉన్న 'నర్తనశాల'లో ఇంకొకరు కృష్ణుడి కిరీటం పెట్టుకోవడమంటే మాటలా? ఈయన అనుకరించలేదు, పోటీకీ పోలేదు. తగ్గి చేశారు, కృష్ణుడిగానే నిలిచారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలుసు: అన్నీ సవ్యంగా నడిచినంతకాలం వెనకున్నవాణ్ణి ఎవడూ అడగడు.

పోనీ, కత్తి మాత్రం తక్కువా? ఎర్రోల్ ఫ్లిన్ కత్తి తిప్పితే హాలీవుడ్ నెత్తిన పెట్టుకుంది. మనవాడు తిప్పితే 'జానపదాల హీరోలే' అని పెదవి విరిచాం.

"తెలంగాణవాడు కాబట్టి తొక్కేశారు" అంటారు కొందరు. ఆ వాదన ఉండనీండి, కొట్టిపారెయ్యను. ఆయన సినిమాలు తీసి నష్టపోయిన మాటా నిజమే, 2009లో పోయేదాకా ఇబ్బందులు పడ్డ మాటా నిజమే. కానీ ఏం పోగొట్టుకున్నాడో చెప్పడానికి అరగంట, ఏం చేశాడో చెప్పడానికి అర నిమిషం... ఇది అన్యాయం కాదా? ఇందులో కోస్తా వాళ్ళ తప్పేముంది? ఇది మన తప్పే.

చిన్నాయనా, ఈసారి టీవీలో 'లవకుశ' వస్తే, సీతను అడవికి తీసుకెళ్ళే సీన్లో కాసేపు సీతను వదిలెయ్. లక్ష్మణుణ్ణి చూడు. ఆ తర్వాత కూడా 'కత్తి' అంటావేమో చూద్దాం.