నిరీక్షణ యను మాట



గడచిన పునరుత్థాన పండుగనాడు వేకువజామున నేను కోరుకొండలో నుంటిని. రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా మెట్టసీమలో నున్న యీ గ్రామము, కొండమీది నరసింహస్వామి యాలయమువలనను ఫాల్గుణమాసపు కల్యాణోత్సవమువలనను మీలో పలువురకు తెలిసియే యుండును. ఆ కొండ కనుచూపులోనే మన క్రైస్తవ కుటుంబములును తరతరములుగా కాపురమున్నవి. తెల్లవారక ముందే సంఘస్థులు కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు పోయిరి. రెండుమూడు దినములు ముందుగానే కలుపు పెరికి, సమాధులకు వెల్లవేసి, బంతిపూల దండలు సిద్ధపరచి యుంచిరి. స్థలము చాలక సమాధులు ఒకదాని నొకటి యానుకొని యున్నవి. మన పల్లెలలో ఈ బాధ లేనివి తక్కువ.

అందరును పాటలు పాడుచుండగా ఒక మూల చిన్న సమాధికడ ఒక సోదరి కూర్చుండియుండెను. పుష్యమాసములో ఆమె ఆరేండ్ల కుమార్తె నాలుగు దినముల జ్వరముతో మరణించినది. నేను దగ్గరకు పోయి కూర్చుంటిని. ఆమె నా ముఖము చూడకయే, "అమ్మగారూ, నాకు విశ్వాసము చాలకపోబట్టియే నా పిల్ల పోయినదా?" యని యడిగెను.

ఆ మాట ఆమెకు తోచినది కాదు. చావు జరిగిన వారమునకు ఎక్కడనుండియో ఒక బోధకుడు పరామర్శకు వచ్చి, ఆవగింజంత విశ్వాసము ఉండియున్న పిల్ల బ్రదికెడిదనియు, ప్రార్థన విడిచి ఆసుపత్రికి పరుగెత్తుటయే అవిశ్వాసమనియు చెప్పిపోయెనట. అత్తవైపు బంధువులలో ఒకామె, కొండకు మ్రొక్కుకొనక పోబట్టియే యిట్లు జరిగినదని వేరొక కారణము చూపెనట. రెండు మాటలును వేర్వేరు నోళ్లనుండి వచ్చినను చేసిన పని యొక్కటే. పిల్ల చావును తెచ్చి తల్లి నెత్తిన పెట్టినవి. ఇక్కడ నొకమాట చెప్పకుండుట న్యాయము కాదు. ఆ దినములలో ఆమెకు పూటపూట గంజి కాచి తెచ్చి, ఏ కారణమును చెప్పక, ప్రక్కన కూర్చుండి పోయినది పొరుగింటి హిందూ ముత్తైదువ.

ఆ వేకువ నేను ఆమెకు బదులు చెప్పలేకపోతిని. చేయి పట్టుకొని కూర్చుంటిని, అంతే. ఇంటికి వచ్చిన పిమ్మట నెలరోజులు ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అప్పుడు చెప్పవలసినదానిని ఇప్పుడు ఈ పుటలో చెప్పుచున్నాను. ఆమెయు ఈ పత్రిక చదువును.

సారెపతు విధవరాలి కథ మనకందరకు తెలిసినదే. కరవుకాలమున ఆమె రెండు పుల్లలు ఏరుకొనుచుండెను. మిగిలిన పిడికెడు పిండితో రొట్టె చేసి, తానును కుమారుడును తిని, పిమ్మట చచ్చిపోవలెనని అనుకొనెను. ఏలీయా ప్రవక్త అడుగగా మొదట అతనికి పెట్టెను. ఆ పిమ్మట పిండితొట్టి తరిగిపోలేదు, నూనెబుడ్డి యెండిపోలేదు. ఆదివారపు పాఠశాలలో పిల్లలకు మనము కథను అక్కడ ఆపుదుము. గ్రంథము అక్కడ ఆపలేదు. ఆ అద్భుతము జరుగుచున్న యింటిలోనే, ఆ తొట్టిలో పిండి యుండగానే, ఆ పిల్లవాడు జబ్బుపడి ప్రాణము విడిచెను. ఉన్న చివరి పిండిని పెట్టిన స్త్రీకి విశ్వాసము చాలలేదని ఎవరనగలరు? ఆమెయు మన సోదరివలెనే తన పాపము జ్ఞాపకము చేయుటకే దైవజనుడు వచ్చెనా యని తన్ను తాను నిందించుకొనెను. ఏలీయా ఆ మాటకు అవునని యనలేదు. ఆమెకు ప్రసంగము చేయలేదు. బిడ్డను ఆమె కౌగిటినుండి తీసికొని, మేడమీది తన గదికి మోసికొనిపోయి, తన మంచముమీద పరుండబెట్టి, ఈ తల్లిమీదికి ఇంత కీడు ఏల తెచ్చితివని దేవుని నడిగెను. నిలదీసినది దేవునిని, తల్లిని కాదు. చావు జరిగిన యింటికి పరామర్శకు పోవువారు ఈ వరుసను నేర్చుకొనిపోవుట మేలు.

ఆ పిల్లవాడు మరల బ్రదికెను గదా, మా పిల్లలు బ్రదుకలేదే యందురేమో. నిజమే. గ్రంథములో లేచిన బిడ్డలు కొందరే. లేవని బిడ్డలు అనేకులు. కావుననే నేను దావీదు ఇంటికిని పోవలసియున్నది. బత్షెబ కనిన బిడ్డ ఏడు దినములు రోగముతో నుండగా దావీదు నేలపై పడి ఉపవాసముండెను. బిడ్డ చనిపోయెను. అప్పుడతడు లేచి, స్నానము చేసి, దేవుని మందిరమునకు పోయి, ఇంటికి వచ్చి భోజనము చేసెను. సేవకులు ఆశ్చర్యపడగా, బిడ్డ నాయొద్దకు మరలిరాడు గాని నేనే వానియొద్దకు పోదునని భావము వచ్చునట్లు పలికెను. పరలోక నిరీక్షణనుగూర్చి పాత నిబంధనలో ఒక తండ్రినోట వచ్చిన మాటలలో ఇంత సూటియైనది నాకు కనబడలేదు. ఒక్కటి మాత్రము నాకు కొరతగా తోచును. రాజు భోజనము చేసెనని వ్రాసిరి గాని, కనిన తల్లి ఎన్నినాళ్లు అన్నము ముట్టలేదో వ్రాయలేదు. భర్త ఆమెను ఓదార్చెనని మాత్రము ఒక ముక్క యున్నది. మిగిలినది తల్లులైనవారు తామే చదువుకొనవలెను.

ఆ బిడ్డ మరణమునకు దావీదు పాపము కారణమని ప్రవక్త చెప్పెను గదా యని యెవరైన అడుగవచ్చును. అది నాతాను ఆ యొక్క యింటికి తెచ్చిన వర్తమానము. దానిని ప్రతి గుమ్మమునకు పంచిపెట్టు అధికారము ఎవరికిని లేదు. పుట్టుగ్రుడ్డివానిని చూపి, ఇది వీని పాపమా, కన్నవారి పాపమా యని శిష్యులు అడిగినప్పుడు, రెండును కాదని ప్రభువు చెప్పెను. లాజరు సమాధికడ మార్త, నీవు ఇక్కడ ఉండియున్న నా సహోదరుడు చావకుండునని ఎత్తిపొడిచినను ఆమెను గద్దింపలేదు. కొలది నిమిషములలో వానిని లేపబోవుచు గూడ కన్నీరు విడిచెను. లేపగలవాడే యేడ్చినప్పుడు మనము ఏడ్చుట అవిశ్వాసమెట్లగును?

ఇక ఓదార్చువారి మాటలలో నాకు మిక్కిలి కష్టము కలిగించునది మరియొకటి గలదు. దేవునికి తన తోటలో ఒక పువ్వు కావలసివచ్చి కోసికొనెనని చిన్నపిల్లల భూస్థాపనలో చెప్పుట వాడుకయైనది. మంచి మనసుతోనే చెప్పుదురు. అయినను, ఒక పల్లెటూరి తల్లి పెరటిలో ఉన్న ఒక్క పువ్వును కోసికొనునంత పేదవాడా దేవుడు? నేను ఆ మాటను నా నోట రానియ్యను.

మరి యేమి చెప్పవలెను? మన తెలుగు బైబిలులోనే మంచిమాట యొకటి యున్నది. భాషాంతరము చేసినవారు "ఆశ" యను మాటతోనే సరిపెట్టుకొనక "నిరీక్షణ" యను మాటను ఏరి పెట్టిరి. ఆశ యనగా కోరిక. అది ముదిరినవానిని ఆశపోతు అందుము. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. ఆశపడువానికి రావలసినవారు ఎవరును ఉండనక్కరలేదు. ఎదురుచూచువారికి మాత్రము, వచ్చునని మాట యిచ్చినవారొకరు ఉండితీరవలెను. మన గోదావరి మండలముల స్త్రీలకు ఈ భేదమును నేర్పనక్కరలేదు. రాత్రి పొలమునకు నీరు పెట్టపోయిన భర్తకొరకు కూడు మూతపెట్టి యుంచిన యామెకు తెలియును. కువైటులో ఇంటిపనికి పోయిన తల్లికొరకు నాయనమ్మ యింట దినములు లెక్కించుకొను పిల్లకు తెలియును. ఎదురుచూచునది చేతులు ముడుచుకొని కూర్చుండదు. దీపము వత్తి ఎగద్రోయును, నీళ్లు తోడి పెట్టును, వాకిలి గడియ వేయక దగ్గరగా చేరవేయును. కన్నీరును పెట్టుకొనును. అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకలోని వారికి వ్రాయుచు, చనిపోయినవారినిబట్టి దుఃఖపడవద్దనలేదు; నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దనెను. దుఃఖమునకు సెలవిచ్చియే యున్నాడు.

పరలోకమును నమ్మినవారు మందును మానవలెనను మాటకు నేను ఇంక బదులు చెప్పలేదు. దానికి మన సీమ చరిత్రయే బదులు చెప్పగలదు. రాజమహేంద్రవరపు లూథరను మిషను పనికి చెందిన పల్లెక్షేత్రములలో కోరుకొండయు ఒకటి. ఆ పని 1869 లో నిలిచిపోవు స్థితికి వచ్చెను. దానిని వేరొక మిషనునకు అప్పగింపవలెనని అమెరికాలో ఆలోచన సాగుచుండగా, హయ్యరు అయ్యగారు లేచి తానే పోయెదననెను. అప్పటికి ఆయనకు డెబ్బదియారేండ్లు. 1842 లో గుంటూరునకు మొదటిసారి వచ్చుటకు మూడేండ్లు ముందే, 1839 లో, భార్యను పోగొట్టుకొనినవాడు. ఆ వయసున సముద్రము దాటి వచ్చినవాని కన్నులయెదుటనే, 1870 లో, సహాయముగా వచ్చిన బెక్కరను యువకుడు కొలది నెలలకే మరణించెను. వృద్ధుడు నిలిచెను, యువకుడు పోయెను. బెక్కరుకు విశ్వాసము చాలలేదని అననెవరికి నోరాడును?

ఆ మిషను పంపిన లిడియా వోర్నరు దొరసాని 1895 లో వైద్యురాలుగా రాజమహేంద్రవరమునకు వచ్చి పనిచేయగా, 1911 లో అక్కడ స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి వెలసెను. గుంటూరునకు 1883 లో వచ్చిన అన్నా కుగ్లరు దొరసాని 1898 లో ఆసుపత్రి తెరచి, 1930 లో ఆ యూరనే కన్నుమూసెను. ఈ స్త్రీలు ఉదయమున మోకాళ్లూని, తరువాత చేతులు కడుగుకొని, రోగుల మంచములకడకు పోయినవారు. మన నాయనమ్మలకు పరలోకమునుగూర్చి చెప్పినవారును జ్వరమునకు మందిచ్చినవారును ఒక్కరే. కావున పిల్లకు జ్వరము విడువనప్పుడు ప్రార్థించుచునే ఆసుపత్రికి తీసికొనిపొండు. ప్రార్థన ముగియువరకు ఆగవలదు. నడచుచునే ప్రార్థింపవచ్చును. మన సోదరి రెండవనాడే తీసికొనిపోయినది. ఒక తల్లి చేయగలిగినదంతయు చేసినది. ఆమె చేయనిది ఏదియో యొకటి యున్నదని వెదకువారి మాట ఆమె వినకుండుగాక.

నిత్యజీవితపు శోధనలను గూర్చి, అనగా అప్పు, త్రాగుడు, కట్నము, కోడండ్ర కన్నీరు, వీనినిగూర్చి పలువురు నాకు వ్రాయుచున్నారు. అవి వేరొక నెలకు. ఈ నెల ఈ యొక్క ప్రశ్నకే పుట చాలలేదు.

మొన్న ఒక ఆదివారమున మరల కోరుకొండ పోయితిని. మన సంఘములలో పిడికెడు బియ్యపు వాడుక మీకు తెలిసినదే. పొయ్యిమీద ఎసరు పెట్టినపుడెల్ల ఒక పిడికెడు బియ్యము ప్రక్కన పోసి, వారమునకు కూడినదానిని గుడికి తెత్తుము. ఆ సోదరి చిన్నసంచి తెచ్చి బల్లయొద్ద పెట్టెను. బిడ్డ పోయిన పిమ్మట మూడునెలలు మానివేసినదట. ఆరాధన యైన పిమ్మట ఆమెయే నన్ను తన యింటికి పిలిచెను. వంటయింట గూటిలో బియ్యపు ముంత చూపి యిట్లనెను: "అమ్మగారూ, ఇదివరకు మా పిల్లయే వేసెడిది. దాని పిడికిలి చిన్నది, సగము క్రింద పోసెడిది. ఇప్పుడు నా పిడికెడు వేసిన తరువాత దానిది గూడ, మూడువ్రేళ్లతో పట్టినంత, విడిగా వేయుచున్నాను. తప్పు కాదుగదా?"

తప్పు కాదంటిని. ఆమె ఎసటిలో బియ్యము పోసి, నాకు పీట వేసెను.