స్టీవ్ జాబ్స్‌కీ తిన్న కంచానికీ ఏమిటి సంబంధం?

సంక్రాంతి సెలవులకి మా చిన్నాడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. తిన్న కంచం సింకులో పెట్టరా నాన్నా అంటే ఫోన్లోంచి తలెత్తకుండా, "అమ్మా, ఇలాంటి చిన్న పనులు పట్టించుకునేవాళ్ళు పెద్ద పనులు చెయ్యలేరు. స్టీవ్ జాబ్స్‌ని చూడు, ఎవర్నీ లెక్కచేసేవాడు కాదు" అన్నాడు. మా వారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కంచం నేనే తీశాననుకోండి, అది వేరే సంగతి.

ఆ నల్లచొక్కా మనిషి ఫొటో వాడి గది గోడకి రెండేళ్ళుగా ఉంది. దుమ్ము దులపడమే గానీ ఆయన సంగతులేవీ నాకు సరిగ్గా తెలీవు. వాడు వెళ్ళాక, వాడి అల్మరాలోనే ఉన్న వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్ర తీశాను. బాగా లావు పుస్తకం. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక కొంచెం కొంచెంగా చదివాను. ఆ తర్వాత ఆయన పెద్దకూతురు లీసా రాసిన 'స్మాల్ ఫ్రై' కూడా తెప్పించుకున్నాను.

ఆయన 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. కన్నతల్లి పెళ్ళికాని విద్యార్థిని. పిల్లాణ్ణి డిగ్రీలు చదివినవాళ్ళకే దత్తత ఇస్తానని పట్టుబట్టింది. తీరా దొరికిన పాల్, క్లారా జాబ్స్ దంపతులకి డిగ్రీల్లేవు. కాలేజీకి పంపిస్తామని మాటిస్తే గానీ ఆవిడ సంతకం పెట్టలేదు. బడికి వెళ్ళకముందే పిల్లాడికి చదవడం నేర్పింది క్లారా. చేతిపనివాడైన పాల్, కంచె కట్టినా బీరువా చేసినా ఎవరికీ కనబడని వెనకవైపు కూడా ముందువైపంత శ్రద్ధగా చెయ్యాలని నేర్పాడు. కంప్యూటర్ లోపల ఎవరూ చూడని భాగం కూడా అందంగా ఉండాలని జాబ్స్ పట్టుబట్టేవాడని లోకమంతా మెచ్చుకుంది కదా, అది ఇంట్లో నేర్చిన పాఠమే. (గిన్నె లోపలే కాదు, అడుగు కూడా తళతళలాడాలని మా అత్తగారు అరవై ఏళ్ళు చెప్పారు. ఆవిడ మీద ఎవరూ పుస్తకం రాయలేదు.)

1972లో ఆ దంపతులు ఇచ్చిన మాట ప్రకారం, దాచుకున్న డబ్బు తీసి ఆయన్ని రీడ్ కాలేజీలో చేర్చారు. కారులో అంత దూరం తీసుకెళితే లోపలికి రానివ్వలేదట. వెళ్ళొస్తానని కూడా అనలేదట.

అక్కడ పుస్తకం మూసేశాను. మేము మా వాణ్ణి హాస్టల్లో దింపిన రోజు గేటు దగ్గరే, "ఇంక మీరు వెళ్ళండమ్మా, సామాను నేను తీసుకెళ్తా" అన్నాడు. గది చూద్దామనీ, పక్క పరిచి వద్దామనీ కొత్త దుప్పటి కూడా పట్టుకెళ్ళాను. అది మళ్ళీ ఇంటికే వచ్చింది. జాబ్స్ పెద్దయ్యాక, తన జీవితంలో సిగ్గుపడే విషయాల్లో అదొకటని ఐజాక్సన్‌తో చెప్పుకున్నాడు. అప్పటికి క్లారా లేదు. 1986లోనే పోయింది.

ఇక లీసా సంగతి. 1978లో ఆ పిల్ల పుట్టినప్పుడు ఆయనకి 23 ఏళ్ళు. తనని వదులుకున్న కన్నతండ్రికీ అప్పుడు సరిగ్గా అదే వయసు. నా కూతురు కాదన్నాడు. తల్లి క్రిసాన్ ఇళ్ళు శుభ్రం చేస్తూ, ప్రభుత్వ సాయం తీసుకుంటూ పెంచింది. పరీక్షలో ఆయనే తండ్రని తేలింది. పిల్ల పోషణకి నెలకి 385 డాలర్లుగా ఖరారైంది, దాన్ని ఆయన 500 చేశాడు. ఆ కేసు ముగిసిన కొద్ది రోజులకే, 1980 డిసెంబరులో, ఆపిల్ షేర్లు బజారుకి వచ్చాయి. ఆయన ఆస్తి 20 కోట్ల డాలర్లు దాటింది. అయినా ఆ తర్వాత కూడా, అమెరికా మగవాళ్ళలో 28 శాతం మందిలో ఎవరైనా ఆ పిల్లకి తండ్రి కావచ్చన్నాడు. అది టైం పత్రికలో అచ్చయింది. తన కంపెనీ తయారుచేసిన కంప్యూటర్‌కి మాత్రం లీసా అని పేరు పెట్టాడు. ఆ పేరు కూతురిదేనని ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది.

తర్వాత దగ్గరకి తీశాడు, తన ఇంట్లో ఉంచుకున్నాడు, చివరి రోజుల్లో క్షమాపణా అడిగాడు. నిజమే. కానీ ఆ 385 డాలర్ల దగ్గర నా మనసు ఆగిపోయింది. మన వీధిలో ఎవరైనా ఇలా చేస్తే ఏమంటాం? పెద్దమనిషి కాబట్టి పోనిమ్మంటామా? ఆయనకి తెలివి ఎక్కువని లోకం మురిసిపోతుంటే, నెలసరి ఖర్చు లెక్క చూసుకున్నది క్రిసాన్ కదా.

అలాగని ఆయన ఇంటిని పట్టించుకోని మనిషి అని కూడా అనలేను. నాకు అన్నిటికన్నా నచ్చింది వాషింగ్ మెషీన్ కథ. లారీన్‌తో పెళ్ళయి పిల్లలు పుట్టాక కొత్త మెషీన్ కొనాల్సొచ్చింది. తొందరగా ఉతకాలా, బట్టలు మెత్తగా ఉండి ఎక్కువకాలం మన్నాలా, నీళ్ళు తక్కువ పట్టాలా అని రెండు వారాలపాటు రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చట! చివరికి జర్మనీవాళ్ళ మీలే మెషీన్ కొన్నారు. అది చదివి లారీన్‌ మీద నాకు నిజంగా అసూయ పుట్టింది. మా ఇంట్లో మెషీన్ పండగ ఆఫర్లో వచ్చింది. ముందు తలుపుదా, పైన మూతదా అని నన్నెవరూ అడగలేదు. నా మోకాళ్ళనీ అడగలేదు.

ఐపాడ్, ఐఫోన్ వచ్చినవి ఆ ఇంట్లో సాయంత్రాలు అందరూ కలిసి వంటింటి పొడుగు బల్ల దగ్గర కూర్చుని పుస్తకాల గురించీ చరిత్ర గురించీ మాట్లాడుకున్న రోజుల్లోనే. బల్ల వల్లే ఫోన్ వచ్చిందని నేననను. కానీ ఇంటిని పట్టించుకుంటే పెద్ద పనులు కావన్న మావాడి మాటకి ఆ బల్ల అడ్డం వస్తోంది. తనవాళ్ళని కసురుకున్నందువల్ల ఆయన గొప్పవాడు కాలేదు. కసురుకున్నా గొప్పవాడయ్యాడు. మన పిల్లలు చూస్తే రెండోది వదిలేసి మొదటిది పట్టుకుంటున్నారు, అది తేలిక గనక.

మావాడు ఉగాదికి వస్తానన్నాడు. పోస్టర్ తీసెయ్యను, గోడ వాడిది. పుస్తకం మాత్రం వాడి మంచం మీద పెట్టి ఉంచాను. రీడ్ కాలేజీ గేటు పేజీ దగ్గర, ఆ రోజు హాస్టల్ నుంచి మేమిద్దరం తిరిగొచ్చిన బస్సు టికెట్టు పెట్టాను. ఇన్నాళ్ళూ అది నా పర్సులోనే ఉంది. పక్కన ఆ దుప్పటి కూడా పెట్టాను. ఈసారి తీసుకెళతాడేమో చూడాలి.